గీత చీలింది

సినిమాలు చూసి చెడిపోయినవాళ్ళలో మొదటి పేరు మా అక్క అత్తగారిది. గుండె మిషన్ తెర మీద గీత తిన్నగా సాగిందంటే మనిషి పోయినట్టేనని ఆవిడ నమ్మకం. అలాంటి మనిషి ఆ రోజు ఆసుపత్రిలో నా ల్యాబు తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. వెనకే మా అక్క.

మా బావ ఎలక్ట్రీషియన్. పొద్దున నిచ్చెన మీంచి పడ్డాడు, కడుపులో రక్తం కారిపోతోంది. మొదటి పరీక్షలో ఆయన రక్తం గడ్డకట్టనని మొండికేసింది. అలాంటి రిపోర్టు వచ్చినవాళ్ళలో దక్కేవాళ్ళు తక్కువని నాకు తెలుసు. అక్కకి చెప్పలేదు. ఆపరేషన్ చేస్తూనే ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఎక్కించి డాక్టరు మళ్ళీ రక్తం పంపాడు. ఇప్పుడు మిషన్‌లో ఉన్నది అదే. గడ్డకట్టడం మొదలైతే దాని తెర మీద గీత రెండుగా చీలి వెడల్పవుతుంది. అప్పటిదాకా తిన్నగానే సాగుతుంది.

ఆ తిన్నటి గీత కాస్తా అత్తయ్య కంటపడింది.

"ఓరి నాయనో! పోయాడే నా కొడుకు!"

"అత్తయ్యా, అది గుండె కాదు! బావ రక్తం గడ్డకడుతుందా లేదా అని చూస్తున్నా."

"రక్తం గడ్డకడితే పోతారే! మా మరిది అలాగే పోయాడు!"

"గుండెలో కడితే పోతారు. చిల్లు దగ్గర కడితే బతుకుతారు!"

అక్క మాత్రం బల్ల అంచు పట్టుకుని గీతనే చూస్తోంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి తన్నుకొస్తున్నాయి. మిషన్‌కి కాళ్ళుంటే పట్టుకునేదాన్ని.

అంతలో గీత కొస విచ్చుకుంది. చూస్తుండగానే రెండు గీతలయ్యాయి, మధ్య ఎడం పెరుగుతూ పోయింది.

"చీలింది!" అని గంతేశాను.

"ఏంటే చీలింది? కడుపా?" అత్తయ్య మళ్ళీ రాగం అందుకుంది.

"గీతండీ బాబూ, గీత!"

ఫోను మోగింది. ఆపరేషన్ గదిలోంచి డాక్టరు.

"ఎలా ఉంది?"

"బొద్దుగా, ముద్దుగా ఉంది సార్!"

"అంకెలు చెప్పమ్మా."

చెప్పాను.

"ఇక్కడ కూడా రక్తం ఆగింది. కుట్లు వేస్తున్నాం. గండం గడిచినట్టే. మీ అక్కకి చెప్పు."

సంతోషం పట్టలేక ఫోను తలకిందులుగా పెట్టేశాను. అక్కకి చెప్పాను.

"మళ్ళీ చెప్పు," అంది.

చెప్పాను.

"ఇంకోసారి."

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అక్కని గట్టిగా వాటేసుకుంది.

"వాడు బతికాడే, పిచ్చిదానా!"