తొమ్మిది రోజులు ఆగని తొట్టి

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే చిత్రిక పిన్ని చేసే మొదటి పని మేకులు పీకడం. కూలగొట్టిన ఇళ్ల నుంచి వచ్చిన పాత చెక్క ముందు పీట వేసుకుని కూర్చుంటుంది. ఒక్కో మేకూ లాగి, వంకర తీసి, డబ్బాలో వేస్తుంది. కొత్త చెక్క కొనదు. ప్లైవుడ్ పేరెత్తితే మొహం తిప్పేస్తుంది. మెరుపు కావాలంటే అవిసె నూనె, తేనెమైనం, చేతిబలం, అంతే. "ఉన్న చెక్క చాలక ఇంకో చెట్టుని చంపాలా?" అని కొనడానికి వచ్చినవాళ్లనే కసురుతుంది. వాళ్లూ పడతారు, పనితనం అలాంటిది మరి.

పాత చెక్కతో ఉన్న చిక్కు ఒక్కటే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్నట్టు, అది తన పాత పని మర్చిపోదు. బడి బెంచీలతో చేసిన సోఫాలో ఎంత పెద్దమనిషి కూర్చున్నా చెయ్యెత్తి గానీ నోరు విప్పడు. కాటా దూలంతో చేసిన భోజనాల బల్ల ఎక్కువ వడ్డించుకున్నవాడి వైపు ఒరుగుతుంది. ఇది అందరికీ తెలిసిందే. అందుకే ఏ చెక్క వచ్చినా పిన్ని తొమ్మిది రోజులు విడిగా పెట్టి, దాని నడత చూసి, పాత పనేమిటో సుద్దముక్కతో దాని మీదే రాశాక గానీ రంపం పెట్టదు. ముప్పై ఏళ్లలో ఆ పద్ధతి తప్పింది ఒక్కసారి. అదీ సొంత మనవరాలి ఉయ్యాల తొట్టి దగ్గర.

కూతురిది ఇళ్ల లోపలి డిజైన్లు గీసే పని. నాలుగో అంతస్తులో తన ఇల్లు తనే తీర్చుకుంది. గోడలకి సున్నం గార, కిటికీలకి వెదురు తెరలు, నేల మీద జనపనార చాప. తొట్టి బొమ్మ కూడా తనే గీసి తల్లి చేతిలో పెట్టింది. బిడ్డ మాత్రం నెల ముందే వచ్చేసింది. అప్పటికి మూడు వెడల్పాటి పలకలు షెడ్డుకొచ్చి రెండు రోజులే అయింది. మధ్య పలకలో బొటనవేలు పట్టేంత చిల్లు ఉంది. పాత తలుపేదో అయ్యుంటుందిలే అనుకుని పిన్ని కోసేసింది.

తొట్టి ఇంటికి చేరిన పదకొండో రోజు అల్లుడు ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, తొట్టి నడుస్తోంది."

"ఎటు?"

"బాల్కనీ వైపు. మధ్యాహ్నం భోజనానికొచ్చేసరికి పాపతో సహా ఆ గుమ్మంలో ఉంటోంది. మొన్నా అంతే, నిన్నా అంతే, ఇవాళా అంతే."

ఆ బాల్కనీ పిట్టగోడ నడుమెత్తు కూడా ఉండదు. కింద చూస్తే నాలుగంతస్తుల లోతున సిమెంటు నేల. అది బండి చెక్కో, పడవ చెక్కో! బయటికి పోవడమే దాని పనైతే? 'నా చేతులు పడిపోను, పసిగుడ్డుని తీసుకెళ్లి దేని మీద పడుకోబెట్టాను!' అని పిన్ని తనని తానే తిట్టుకుంది. పాత సామాన్ల కొట్టాయనకి ఫోన్ చేసి, ఆ పలకలు ఏ ఇంటివో, ఏం పని చేశాయో వెంటనే కనుక్కోమంది.

ఆ సాయంత్రమే వెళ్లి తొట్టిని మంచంకోడుకి మోకుతో కట్టేసింది. కూతురు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకోలేదు. చేతిలో టీ చల్లారిపోయింది.

"తిన్నావా?"

"తిన్నానమ్మా."

"నిద్ర పడుతోందా?"

"పడుతోందిలే."

పాప ఏడిస్తే పాలిచ్చింది, పడుకోబెట్టింది, మళ్లీ గోడకేసి చూస్తూ కూర్చుంది. బాలింత కదా, నీరసం ఉంటుందిలే అనుకుంది పిన్ని. ఆవిడ కళ్లన్నీ తొట్టి కాళ్ల మీదే.

మర్నాడు మధ్యాహ్నం మోకు తెగిపోయింది. తొట్టి మళ్లీ గుమ్మంలోనే.

"పాపని మంచం మీదే పడుకోబెట్టండి. రేపు రంపం తెచ్చి ముక్కలు చేసేస్తాను" అని అల్లుడికి చెప్పింది పిన్ని. తను చేసిన వస్తువుని తనే కొయ్యాల్సిన అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

మూడోనాడు రంపం సంచీలో వేసుకుని మెట్లెక్కుతుంటే కొట్టాయన ఫోన్ చేశాడు.

"పిన్నీ, కనుక్కున్నా. అది తలుపు కాదు, పెరట్లో బావి మీద మూత. ఆ చిల్లు ఇనుప ఉంగరానిది. నలభై ఏళ్లు ఒక్క మనిషిని కూడా పడనివ్వలేదట."

"హమ్మయ్య!" అని పిన్ని మెట్టు మీదే కూలబడింది. తొట్టి తోసేయడం లేదు, అడ్డం నిలబడుతోంది! ఉత్తి పుణ్యానికి మూడు రోజులు చచ్చిపోయాను కదా అని నవ్వుకుంటూ లేచింది. నాలుగు మెట్లెక్కి ఆగిపోయింది.

పాపకి ఇంకా నెల నిండలేదు. బోర్లా కూడా పడదు. పాకి వెళ్లి పడిపోతుందా?

మరి ఎవరు పడకుండా ఆపుతోంది? మధ్యాహ్నం ఆ ఇంట్లో ఇంకెవరుంటారు?

పిన్ని మోకాళ్ల నొప్పులు మర్చిపోయి పరిగెత్తింది. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. పాప మంచం మీద దిండ్ల మధ్య నిద్రపోతోంది. ఖాళీ తొట్టి బాల్కనీ గుమ్మానికి అడ్డంగా, నాలుగు కాళ్లూ నేలకి తన్నిపట్టి వణుకుతోంది. కూతురు రెండు చేతులూ దాని అంచు మీద పెట్టి, బలమంతా వేసి తోస్తోంది.

"అమ్మా, ఇది నన్ను దాటనివ్వట్లేదు" అంది, వెనక్కి తిరగకుండానే.

పిన్ని సంచీ కింద పడింది. వెనకనుంచి కూతుర్ని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఒళ్లంతా ఎముకలే తగిలాయి.

"రోజూనా?"

"రోజూ. పాప నిద్రపోగానే. ఎందుకో నాకే తెలీదమ్మా. నాకు భయమేస్తోంది."

"నాకూ భయంగానే ఉందే తల్లీ. నిన్ను వదిలి ఎక్కడికీ పోను. ఇప్పుడే మీ ఆయన్ని పిలుస్తాను, డాక్టరు దగ్గరికి వెళ్దాం." పిన్ని భోరున ఏడ్చింది. "దీన్ని ముక్కలు చేద్దామని వచ్చానే! నా కూతుర్ని చూడకుండా చెక్కని చూస్తూ కూర్చున్నానే!"

షెడ్డుకి నెలల తరబడి తాళం పడింది. డాక్టరు మందులిచ్చింది, వారం వారం రమ్మని కూర్చోబెట్టి మాట్లాడించింది. అల్లుడు మధ్యాహ్నాలు ఇంట్లోంచే పనిచేసుకున్నాడు. పిన్ని తొట్టిని బోర్లించి, అడుగున సుద్దముక్కతో 'బావి మూత' అని రాసింది. మొదట్లో అది మధ్యాహ్నం కాగానే గుమ్మం దగ్గరికి వెళ్లిపోయేది. తర్వాత్తర్వాత సగం దూరం వెళ్లి ఆగేది.

పాప కూర్చోవడం నేర్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, కూతురు తడిబట్టల బకెట్టు పట్టుకుని బాల్కనీలోకి నడిచింది. మంచంకోడుకి మైనం రుద్దుతున్న పిన్ని చెయ్యి ఆగిపోయింది. తొట్టి వైపు చూసింది.

తొట్టి గోడ పక్కనే ఉంది. కదల్లేదు.

"అమ్మా, క్లిప్పులు అందుకో" అని బయటినుంచి వినిపించింది.

పిన్ని లేచి క్లిప్పులు పట్టుకెళ్లింది. ఆఖరి గుడ్డ ఆరేసి కూతురు లోపలికి వచ్చేదాకా తనే పిట్టగోడకి అడ్డంగా నిలబడింది.