రెండు ప్రైమర్లూ ఒక మేఘమూ

పొద్దున్నే శెఫాలి చేపల బజారుకి వెళితే, చేపలమ్మే ఆవిడ కత్తిపీట మీంచి తలెత్తి, "ఈరోజు ఏ చెంపకి తూచమంటావు దీదీ?" అంది.

అడగదూ మరి! కొన్నాళ్ళుగా శెఫాలి మొహం రెండు వాటాలుగా తిరుగుతోంది. కుడి చెంపకి, పక్కింటికి వచ్చిన బిభా పిషి కలకత్తా నుంచి తెచ్చిన విదేశీ ప్రైమర్, బొటనవేలంత ట్యూబు. ఎడమ చెంపకి కృష్ణనగర్లో గాజుల కొట్టువాడు అమ్మే చవక ప్రైమర్. పైన రెండింటికీ ఒకటే పౌడరు. రంగు నిలవాలనే కదా ముందు ఆ పూత పూసేది. ఏది నిలబెడుతుందో తేలాలి.

తేలకపోతే శెఫాలి బతుకు కనుబొమల దగ్గరే ఆగిపోతుంది. పార్లరు బోర్డు మీద 'పెళ్ళికూతుళ్ళ అలంకరణ' అని తనే రాయించుకుంది. రాత వెలిసిపోయింది గానీ ఒక్క పెళ్ళికూతురూ గడప తొక్కలేదు. వచ్చినవాళ్ళంతా దారంతో కనుబొమలు తీయించుకుని పోయేవాళ్ళే. ఇన్నాళ్ళకి పక్కింటి రింకి, "నా పెళ్ళికి శెఫాలి దీదీయే చెయ్యాలి" అని మొండికేసింది. అడ్డుపడింది ఆ పిల్ల మేనత్త బిభా పిషి.

"రింకి సంగతి తెలిసి తెలిసి గాజుల కొట్టు సరుకు పూస్తావా?"

రింకి సంగతి ఊరంతటికీ తెలుసు. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల నెత్తిమీద దిండంత మేఘం ఉంది. సిగ్గేసినా కంగారు పుట్టినా కురుస్తుంది. కొందరికి పుట్టుమచ్చ, రింకికి మేఘం. వేసవిలో ఆమె పక్కన కూర్చోడానికి బళ్ళో పిల్లలు కొట్టుకునేవాళ్ళు. పెళ్ళిలో, మొహానికి అడ్డం పెట్టుకున్న తమలపాకులు దించి వరుణ్ణి చూసే క్షణాన అది కురవక మానదు. నుదుటి మీది చందనం చుక్కలు అందరి ముందూ కారిపోతే?

"పరీక్ష పెడదాం పిషీ. నీ ట్యూబు గెలిస్తే కలకత్తా నుంచి నీ మనిషినే పిలిపించుకో" అంది శెఫాలి.

తన మొహం మీద ఎన్నాళ్ళకీ తేలక, చివరికి రింకినే కుర్చీలో కూర్చోబెట్టి చెరో సగం పూసింది. నిజం చెప్పొద్దూ, పిషి సగం పట్టులా మెరిసింది. శెఫాలి సగం జిగటగా ఉంది.

"చూశావా, చెంపా పాలరాయా?" అంది పిషి.

"చూశాను. నా వైపు ఈగ వాలితే ఇల్లు కట్టుకుంటుంది."

అయినా చెయ్యి ఆపలేదు. లవంగం మొన చందనంలో ముంచి, నుదుటి మీద ఈ కణతనుంచి ఆ కణతదాకా చుక్కలు పెట్టింది. అవి ఆరాక ఫోను చేతికి తీసుకుంది.

"రింకీ, పెళ్ళికొడుకు. నీ గొంతు వినాలట!"

"అమ్మో, లేనని చెప్పు దీదీ!"

మేఘం నల్లబడి జోరుగా కురిసింది. చెంపల మీద రంగు రెండు వైపులా చెక్కు చెదరలేదు. పిషి వైపు చందనం చుక్కలు మాత్రం ఒకదాని వెనకొకటి కనుబొమ దాటి, ముక్కు పక్కనుంచి జారిపోయాయి. అంత నునుపులో వాటికి కాలు నిలవలేదు. జిగట వైపున్నవి కదల్లేదు.

"వాన అటే ఎక్కువ పడింది" అంది పిషి.

"అయితే వైపులు మార్చి మళ్ళీ చేద్దాం."

మార్చారు. మళ్ళీ పిషి వైపే జారాయి. మూడోసారి కూడా చేద్దామని శెఫాలి తువ్వాలు అందుకుంటే, రింకి "నాకు జలుబు చేస్తుంది తల్లుల్లారా!" అని మొత్తుకుంది.

పిషి ట్యూబు మూత బిగించింది. "చెంపలకి నాది, నుదుటికి నీది. చేసేదీ నువ్వే. ఒక్క చుక్క జారిందో, నీ బోర్డు నేనే పీకిస్తాను."

శ్రావణంలో పెళ్ళి. అన్నదమ్ములు రింకిని పీట మీద ఎత్తి వరుడి చుట్టూ తిప్పారు. ఆకులు దిగాయి. మేఘం ఎన్నడూ లేనంతగా కురిసింది. వరుడి బెండు కిరీటం నాని చెవి మీదికి ఒరిగింది. పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డ శెఫాలి, గుప్పిట్లో లవంగాన్ని పొడి చేసేసింది. రింకి నుదుటి మీద చుక్క చుక్కా అలాగే ఉంది. ఆడవాళ్ళంతా నాలుకలాడిస్తూ శుభానికి ఉలులు పలికారు, పిషి గొంతు కాస్త ఆలస్యంగా.

మర్నాడు అప్పగింతల్లో రింకి, ఆచారం ప్రకారం వెనక్కి చూడకుండా తల మీంచి బియ్యం అమ్మ కొంగులోకి విసిరి కారెక్కింది. వెనక్కి చూడకూడదు గదా, మేఘం వెనకబడిందని ఆమెకి తెలియలేదు. తలుపు వేసేశారు. అది కాసేపు కారు అద్దాన్ని చినుకులతో తట్టింది. కారు కదిలాక సందులో అటూ ఇటూ తచ్చాడి, శెఫాలి పార్లర్లోకి వచ్చి తనకి తెలిసిన కుర్చీ మీద ఆగింది.

"ఉండిపో" అంది శెఫాలి. కింద ఓ గిన్నె పెట్టింది.

మళ్ళీ పెళ్ళిళ్ళ నెల అగ్రహాయణం వచ్చేసరికి శాంతిపూర్, రాణాఘాట్ నుంచి పెళ్ళికూతుళ్ళు ఆ కుర్చీ కోసం వరస కట్టారు. కింద ఎవరు సిగ్గుపడ్డా కురిసే ఆ మేఘానికి ఆగిన అలంకరణ ఏ మండపంలోనైనా ఆగుతుందని పేరొచ్చింది. బోర్డుకి కొత్త రంగు పడింది. కనుబొమలు తీయించుకునేవాళ్ళని శెఫాలి మంగళవారం రమ్మంటోంది.

ఓ పొద్దున బిభా పిషి కలకత్తా నుంచి తన ఆడపడుచు కూతుర్ని వెంటబెట్టుకుని దిగింది.

"కూర్చోమ్మా" అంది శెఫాలి, లవంగం అందుకుంటూ. "నీ పెళ్ళికొడుకు పేరు చెప్పు."

పిల్ల సిగ్గుతో తల దించుకుంది. పైన మేఘం నల్లబడింది.

పిషి సంచిలో చెయ్యి పెట్టింది. మళ్ళీ ట్యూబేనా అని శెఫాలి నడుం బిగించింది. పిషి గొడుగు తీసి, తన నెత్తిన పట్టుకుంది.