బండ మీది దొంతులు

ఆర్డిస్ బూటుకాలితో ఒక్క తాపు తన్నింది. మూడు రాళ్ళ దొంతి కూలింది. పై రాయి దొర్లుకుంటూ పోయి బండ పగుల్లో పడింది.

"పనీపాటా లేని జనం!" అని పళ్ళు కొరికింది. ఇది పంతొమ్మిదోది. ఇంకా తొమ్మిదిన్నర కూడా కాలేదు.

యూటా ఎర్రబండల మీద బాట అంటూ ఉండదు. వెయ్యిమంది నడిచినా అడుగుజాడ పడదు. అందుకే నేషనల్ పార్కువాళ్ళు దూరదూరంగా మోకాలెత్తు రాళ్ళ దొంతులు పేర్చి ఉంచుతారు. ఒకదాని దగ్గర నిలబడితే రెండోది కనపడుతుంది. అదే దారి. సెలవులకొచ్చే మహానుభావులు ఊరుకుంటారా? లోయను చూసి మురిసిపోయి, తామూ నాలుగు రాళ్ళు పేర్చి, ఫొటో దిగి చక్కా పోతారు. వెనకొచ్చేవాడు వాటిని నమ్ముకుని లోయ అంచుకు చేరతాడు. అలాంటివాటిని కూలగొట్టడమే పదకొండేళ్ళుగా వలంటీరు ఆర్డిస్ పని. చర్చిలో ఆదివారం పాఠం కూడా ఆమె అంత నిష్ఠగా చెప్పదు.

ఇవాళ మరీ ఘోరం. అడుగడుగునా దొంతులే! నిజానికి ఆమె వంతు పళ్ళతోటల వైపు. ఇటు చూసే మనిషి రాలేదని పొద్దున్నే ఆఫీసువాళ్ళు ఇక్కడికి తోశారు.

ఇది చాలదన్నట్టు మొగుడు థేన్ ఒకడు. డెబ్బై మూడేళ్ళొచ్చినా, పీచ్ పళ్ళ కోతలు అయిపోగానే ఈ దారి చివర గాలి తొలిచిన రాతి తోరణం దాకా ఒంటరిగా వెళ్ళి రావాల్సిందే. తోడొస్తానంటే వద్దన్నాడు.

"నువ్వొస్తే దారంతా రాళ్ళు తన్నుకుంటూ వస్తావు. నాకు మనశ్శాంతి ఉండదు," అని తెల్లవారీ వారకముందే ఎవరి కారో ఎక్కి వెళ్ళిపోయాడు.

వసంతకాలం నుంచీ కారు తాళాలు ఆమె చేతికే ఇస్తున్నాడు, మోకాలు నొప్పంటూ. ఆ మోకాలితోనే నాలుగు మైళ్ళు బండలెక్కుతాడు! అడిగితే నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే ఆర్డిస్‌కి ఒళ్ళు మండుతుంది.

పదిన్నరకి లెక్క నలభై ఒకటికి చేరింది. ముందు ఇంకా ఉన్నాయి. పదకొండుకల్లా థేన్ కార్లు ఆపేచోటికి వస్తానన్నాడు, అక్కడి నుంచి టోరీ ఊళ్ళో ఆడపడుచు మెల్బా ఇంటికి భోజనానికి పోవాలి. మిగతావి రేపు చూసుకోవచ్చని వెనక్కి తిరిగింది.

పదకొండయింది. పన్నెండయింది. థేన్ జాడ లేదు.

"ఏ రాయి మీదో కూర్చుని కునుకు తీస్తుంటాడు. అక్కడ మెల్బా వండిన కోడి చల్లారిపోతుంది. మాటలు పడేది మాత్రం నేను!" అని కారు తలుపు ధడాలున వేసింది. సిగ్నల్ లేని ఫోన్ని కూడా తిట్టింది. పన్నెండున్నరకి తిట్లు అయిపోయాయి. అతని దగ్గర ఉన్నది ఒకే ఒక్క నీళ్ళ సీసా అని గుర్తొచ్చింది. దారికి ఎడమపక్కన అగాధం ఉందన్నదీ గుర్తొచ్చింది. మరో రెండు సీసాలు పట్టుకుని పరుగులాంటి నడకతో బయల్దేరింది.

తను వెనక్కి తిరిగిన చోటే దొరికాడు. కూలకుండా మిగిలిన మొదటి దొంతి పక్కన, ఎర్రటి ఎండలో, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

"ఏం మనిషివయ్యా నువ్వు! రెండు గంటల నుంచి నా ప్రాణాలు తోడేస్తున్నావు. ఇక్కడేం చేస్తున్నావు, గుడ్లు పొదుగుతున్నావా?"

థేన్ ఆమె గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. సీసా కోసం చెయ్యి చాపాడు, ఒక జానెడు పక్కకి.

"దొంతులేమయ్యాయి ఆర్డిస్?"

"ఏ దొంతులు?"

"మూడు రాళ్ళవి. పొద్దున పెట్టుకుంటూ వెళ్ళాను. పార్కువాళ్ళవి అంత దూరం నుంచి నా కంటికి ఆనడం లేదు. నువ్వు తోటల దగ్గరుంటావు కదా, మళ్ళీ వచ్చేటప్పుడు తీసేద్దామనుకున్నా."

ఆర్డిస్ సీసా మూత తీసి అతని చేతిలో పెట్టింది.

"ఎప్పట్నుంచి?"

"మంచు కరిగినప్పట్నుంచి."

"నాతో చెప్పడానికి నీకు నోరు లేదూ?"

"చెబితే రానిస్తావా?"

"రానివ్వను! చచ్చినా రానివ్వను! ముసలి మొండిఘటమా, ముప్ఫై అడుగుల్లో లోయ ఉంది. ఇంకాస్త నడిచుంటే?"

"నడవలేదుగా. దొంతి కనపడకపోతే కదలకుండా కూర్చోండని జనాలకి నువ్వేగా పాఠం చెబుతావు. కూర్చున్నా." నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు. "ఎన్ని పడగొట్టావేంటి?"

"నలభై ఒకటి."

"అన్నీ నావి కాకపోవచ్చులే," అన్నాడు జాలిగా.

అంత కోపంలోనూ ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది. అతన్ని తిట్టాలో తనని తిట్టుకోవాలో తెలియక పక్కనే చతికిలబడింది. ముక్కు ఎగబీల్చి అడిగింది.

"ఇంత గోల చేశావు, ఆ తోరణమైనా కనపడిందా?"

"లేదు," అన్నాడు థేన్. "రెండు చేతులతోనూ తడిమి వచ్చాను."

ఆర్డిస్ అతని చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుని లేచింది.