కోతల కాలంలో ఒక కన్ను

"ఏంది హనుమాయమ్మా ఇది? కాయలు కోస్తన్నావా, చెట్టు దులుపుతన్నావా?"

జానకిరామయ్య ఆమె గంపను పట్టా మీద బోర్లించి, చేతికర్ర కొసతో కాయలను రెండు పాయలుగా విడదీశాడు. పండుకాయల మధ్య నుంచి పచ్చికాయలు బయటపడుతూనే ఉన్నాయి. సాళ్లలో వంగి కోస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. హనుమాయమ్మ కూడా చూసింది. ఆమెకు రెండు పాయలూ ఒక్క రంగులోనే, పాత గోనెసంచీ రంగులో కనిపించాయి.

ఆ సంగతి ఆయనకు తెలియకూడదు. తెలిసిన రోజున ఆమెను మిరపకోతకు ఎవరూ పిలవరు.

"పచ్చికాయ కళ్లంలో ఎండితే ఏమవుద్ది? తెల్లబడి తాలుకాయవుద్ది. గుంటూరు యార్డులో గుప్పెడు తాలు కనపడితే బస్తా మొత్తానికీ ధర కోసేస్తారు. ఇదంతా నీకు నేను చెప్పాలా? నువ్వు కోతలకొచ్చేనాటికి నేను నిక్కర్లేసుకుని తిరుగుతున్నా."

పక్క సాలులోంచి కరీమున్ అందుకుంది. "మంచు బాబూ, మంచు. తెల్లారగట్ల తడికి కాయ పండిందో లేదో చేతికి తెలవదు. నా గంప కూడా చూడండి, నాలుగన్నా ఉంటయ్యి."

ఆయన చూశాడు. "నీ గంపలో ఒక్కటీ లేదు."

"అట్టయితే నాకో రూపాయి ఎక్కువియ్యండి మరి!"

ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. జానకిరామయ్య కూడా మీసం కింద నవ్వుకున్నాడు. రోజుకు ఎనిమిది రూపాయల కూలి, పొద్దు వాలేలోగా చేతిలో పెట్టే మనిషి. ఎవరినీ బూతు మాట అనడు. ఆయన చెడ్డవాడైతే తన పని సులువయ్యేదని హనుమాయమ్మకు ఎన్నోసార్లు అనిపించింది.

"రేపెవరూ ఎగ్గొట్టబాకండి," అన్నాడాయన ఆకాశం కేసి చూస్తూ. "మబ్బు పట్టేట్టుంది. రెండో కోత ఎల్లుండికల్లా అయిపోవాల. రానోళ్లని ఇక ఈ పంటకి పిలవను. ముందే చెబుతున్నా."

ఆయన గట్టెక్కి వెళ్లిపోయాక మళ్లీ చేతులు కదిలాయి. పండుకాయ వేళ్ల మధ్య కాస్త లొంగుతుంది. పచ్చికాయ బిగుసుకుని ఉంటుంది. చాలాకాలంగా హనుమాయమ్మకు వేళ్లే కళ్లు. మంచు పడిన ఉదయాన ఆ వేళ్లు కూడా మోసం చేస్తాయి కాబట్టి కరీమున్ చెప్పిన అబద్ధంలో సగం నిజం ఉంది. మిగతా సగాన్ని కరీమున్ తన చేతులతోనే మోస్తోంది. గంపలు దించిన ప్రతిసారీ, మాటల్లో పెట్టి, హనుమాయమ్మ గంపలోంచి పచ్చికాయలు ఏరి పారేస్తుంది. ఈ రోజు ఆమె కన్నా ముందు ఆయన వచ్చాడు, అంతే.

"అక్కా, రేపేగా సత్తెనపల్లిలో కళ్ల డాక్టర్లొచ్చేది? నిన్న రిక్షావోడు మైకులో అరుచుకుంటా పోయాడు."

"రేపే."

"పోతావా?"

"ఎట్టా పోతానే? ఇప్పుడేగా విన్నావు."

కరీమున్ కొంచెంసేపు కాయలు తుంచి, ఉండబట్టలేక అంది. "ఎండాకాలం ఆపరేషన్ సంగతడిగితే వేడికి కన్ను కుళ్లుద్దన్నారు. వానల్లో అడిగితే చీము పడుద్దన్నారు. చలికాలమొస్తే కోతలంటన్నారు. ఇంక మన కళ్లకి పన్నెండు నెలల్లో ఏ నెల మిగిలిందే?"

హనుమాయమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

కుడికన్ను అట్లా ఎదురుచూస్తూనే పోయింది. మూడేళ్ల కిందట అందులో పొర మొదలైనప్పుడు, చలికాలం రానిమ్మన్నారు అందరూ. చలికాలం వచ్చింది, దానితోపాటే పత్తితీతలు, వాటి వెనకే మిరపకోతలు వచ్చాయి. మళ్లీ చలికాలం రానిమ్మన్నారు. నిరుడు రోహిణి కార్తెలో ఆ కన్ను ఎర్రబడి, తల పగిలే నొప్పి లేచి, తిన్నది తిన్నట్టు వాంతయింది. వేడి చేసిందని ఎవరో ఆకు పసరు పిండారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసే మొగుడు ఆదెయ్య కబురందుకుని వచ్చి, రెండు రోజులు తల పట్టుకు కూర్చుని, "ఈ ఎండల్లో ఆస్పత్రేంటే, చలికాలం పోదాంలే," అని వెళ్లిపోయాడు. నొప్పి దానంతటదే తగ్గింది. తగ్గాక ఆ కంటికి దీపం కూడా కనిపించలేదు.

ఎవరు తీసుకున్నారు దాన్ని? రాత్రిపూట నిద్ర పట్టనప్పుడు ఆమె ఒక్కొక్కరినే తలచుకునేది. వేలెత్తి చూపడానికి ఒక మనిషి దొరికేవాడు కాదు. అందరూ ఆమె మేలు కోరిన వాళ్లే. అందరూ ఆ మాటను వాళ్ల పెద్దల దగ్గర విన్నవాళ్లే. ఆ మాట చెప్పిన వాళ్లలో తను కూడా ఉంది. ఎందరికో తనే చెప్పింది, "చలికాలం రానీ" అని.

ఈ మార్గశిరంలో జానకిరామయ్య తల్లి శ్యామలాంబకు గుంటూరులో కంటి ఆపరేషన్ చేయించారు. ఆమెకు చలికాలం తీరిక కాలం. మంచం కింద పడుకుని చూసుకునే మనిషిగా హనుమాయమ్మ వెంట వెళ్లింది. పది రోజులు ముసలమ్మకు అన్నం కలిపి నోట్లో పెట్టింది, చెయ్యి పట్టుకుని దొడ్డికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ ఒకరోజు ముసలమ్మ కన్ను చూసి వెళ్లబోతూ, ఏమనుకుందో ఏమో, టార్చిలైటు వెలుగును హనుమాయమ్మ ముఖం మీదికి తిప్పింది.

"నీ కళ్లెవరికీ చూపించలేదా అమ్మా?"

డాక్టరమ్మ ఆమె రెప్పలెత్తి రెండు కళ్లూ చూసింది.

"కుడికంట్లో పొర ముదిరి ముదిరి పగిలింది. లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయింది. దానికింక ఏమీ చెయ్యలేం. ఎడమది కూడా పండిపోయింది. దీన్నయినా అట్లా వదిలెయ్యకు. నెల, మహా అయితే రెండు నెలలు, ఆ లోపు తీయించెయ్యి."

"చలికాలంలోనే చెయ్యాలంట గదమ్మా?"

"ఎవరు చెప్పారు? మేం మే నెలలో కూడా చేస్తాం. కాలంతో పనిలేదు. శుభ్రంగా ఉంటే చాలు, చెప్పినన్నాళ్లు మందు వేసుకుంటే చాలు."

ఆ మాట హనుమాయమ్మ చెవిలో పడింది కానీ వెంటనే లోపలికి దిగలేదు. కుడికంటికి నొప్పి లేచిన రోజుల్లో కూడా ఆసుపత్రి తలుపు తెరిచే ఉందన్న సంగతి, ఊరికి తిరిగొచ్చే బస్సులో, ముసలమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు తెలిసింది. అప్పుడు ఆమె ఏడవలేదు. కన్నీళ్లు శ్యామలాంబ కంటికట్టు మీద పడతాయని భయపడింది.

*

పొద్దు వాలాక ఆమె చేతులను మజ్జిగతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని శ్యామలాంబ మందు వేళకు వెళ్లింది. ఎంత కడిగినా కోతల రోజుల్లో వేళ్ల సందుల్లో మంట మిగిలే ఉంటుంది. సత్తెనపల్లి కంటి శిబిరం సంగతి అమ్మగారిని అడగాలని దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. ఆపరేషనంటే ఏమిటో తెలిసిన మనిషి. ఆమె ఒక్క మాట అంటే కొడుకు కాదనడు.

వసారాలో శ్యామలాంబ పెద్ద సందడిగా ఉంది. కొత్త కళ్లద్దాలు గుంటూరు నుంచి ఆ మధ్యాహ్నమే వచ్చాయి. సోడాబుడ్డి అడుగంత మందం. వాటి వెనక ఆమె కళ్లు ముఖానికి మించి పెద్దవిగా, ఆశ్చర్యంగా తిరుగుతున్నాయి.

"ఒరేయ్ జానకిరామా, ఆ దూలానికంత బూజుందేంట్రా! ఇన్నాళ్లూ ఈ కొంపలోనేనా నేను బతికింది? ఎవరదీ, హనుమాయా? దా, ఇట్టా లైటు కిందకి దా, నిన్ను చూడనీ."

హనుమాయమ్మ లైటు కిందకు వెళ్లింది.

"అయ్యో, ఇంత నెరిసిపోయావేంటే? నా కంటే చిన్నదానివి గదే!" అని నవ్వుతూ, ముసలమ్మ మరికాస్త ముందుకు వంగింది. నవ్వు ఆగిపోయింది. "నీ కంట్లో ఆ తెలుపేంటే? రెండు కళ్లలోనూ..."

ఏడాదిగా హనుమాయమ్మ తన కళ్లను అద్దంలో చూసుకోలేకపోయింది. అవి తెల్లబడ్డాయని ఇప్పుడే తెలిసింది.

"మీకు తీశారే అమ్మగారూ, అదే. కుడిది పోయింది. ఎడమదన్నా చూపిద్దామని. రేపు సత్తెనపల్లిలో డాక్టర్లొస్తన్నారంట. మీరు బాబుకో మాట చెబితే..."

అరుగు మీద కూర్చున్న జానకిరామయ్య లేచి వచ్చాడు. "అదా సంగతి! అందుకా ఆ పచ్చికాయలు!" ఆయన గొంతులో కోపం లేదు. చిక్కు విడిపోయిన మనిషి నెమ్మది ఉంది. "ముందే చెబితే కళ్లంలో కూర్చోబెట్టేవాణ్ణిగా. పోనీలే. రేపట్నించి కోతకి రాబాక. కళ్లంలో కాయ తిరగేస్తా ఉండు. కూలి కాస్త తగ్గుద్దనుకో. వచ్చే చలికాలం నేనే నిన్ను గుంటూరు తీసుకెళ్తా. అమ్మని తీసుకెళ్లలా?"

"రేపటి డాక్టర్లు..."

"రేపు పోతే ఆపరేషన్ చెయ్యకుండా పంపుతారా? నెలన్నర వంగకూడదు, పొగ తగలకూడదు, కారం దగ్గరికి పోకూడదు. నువ్వే చూశావుగా. మరి ఈ నెలన్నర కళ్లమెవరు చూస్తారు? అమ్మకి మందెవరేస్తారు?"

హనుమాయమ్మ ముసలమ్మ వైపు తిరిగింది. ఆ పెద్ద కళ్లు ఇంకా తన మీదే ఉన్నాయని ఆమెకు తెలుస్తూనే ఉంది. అంత స్పష్టంగా తనను చూసిన మనిషి ఈ మధ్యకాలంలో లేరు.

శ్యామలాంబ గొంతు సవరించుకుంది. "ఏడాదికేం మునిగిపోద్దిలేవే. నేను మూడేళ్లు ఆగలా? దా, ముందు మందెయ్యి, వేళ దాటిపోతంది."

ఆమె అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, రోజూలాగే తల వెనక్కి వాల్చింది. రోజూలాగే నోరు కాస్త తెరుచుకుంది. హనుమాయమ్మ మందుసీసా తీసుకుని, చిటికెనవేలు ముసలమ్మ దవడ ఎముక మీద ఆనించింది. అక్కణ్ణించి కంటికి బెత్తెడు దూరం. ఆ గుర్తుతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. నిన్న సీసా మొన రెప్పకు తగిలి ముసలమ్మ "అమ్మో, గుచ్చావే!" అంది. పొరపాటున, అని సర్దిచెప్పింది తను.

ఇప్పుడు కూడా వెయ్యొచ్చు. రెప్ప మీద పడవచ్చు, కంట్లో పడవచ్చు. అంత డబ్బూ అంత శ్రమా పోసి తెచ్చుకున్న చూపును తన గుడ్డి చేతిలో పెట్టి ఈ ఇల్లు నిశ్చింతగా ఉంది. తనకు కనిపించదని విన్న తర్వాత కూడా తల వాల్చేసింది ఈమె. అంటే విన్నదా, వినలేదా? చూసిందా, చూడలేదా?

హనుమాయమ్మ సీసా దించింది.

"నేనెయ్యను అమ్మగారూ."

"ఏంటీ?"

"మీ కన్ను నాకు కనపడట్లా. చేతి గుర్తుతో ఏస్తన్నా ఇన్నాళ్లూ. నిన్న మీ రెప్పకి గుచ్చుకుంది అందుకే. రేపు గుడ్డుకే గుచ్చుకోవచ్చు. ఇంక నేనెయ్యను."

శ్యామలాంబ గభాలున తలెత్తి, చేత్తో కన్ను కప్పుకుంది. హనుమాయమ్మ తడుముకుంటూ నాలుగడుగులు వేసి, సీసాను జానకిరామయ్య చేతిలో పెట్టింది. ఆయన వేళ్లను ఆమే మూసింది.

"మీరెయ్యండి బాబూ. మీకు కనపడుద్ది."

"సరేలే, నేనేస్తా. నువ్వు రేపు పెందలాడే కళ్లానికి..."

"రేపు నేను కళ్లానికి రాను. కోతకీ రాను."

"పంట మొత్తానికీ పిలవనన్నాను, గుర్తుందా?"

"వినపడింది బాబూ. చెవులు బాగానే ఉండయ్యి."

ఆ మాట తనదేనా అని ఇంటిదాకా వెతుక్కుంటూ నడిచింది. ఆదెయ్య వచ్చి ఏమంటాడో, ఈ పంటకు కూలి లేకపోతే వచ్చే ఉగాది దాకా పొయ్యి ఎట్లా వెలుగుతుందో, ఒక్కొక్కటీ దారికడ్డం వచ్చి నిలబడింది. అయినా వెనక్కి వెళ్లాలనిపించలేదు.

*

తెల్లవారుజామున కరీమున్ చెయ్యి పట్టుకుని ఆమెను సత్తెనపల్లి రోడ్డు దాకా తీసుకొచ్చింది. చేలన్నీ మంచులో మునిగి ఉన్నాయి. ఎక్కడో కళ్లంలో పరిచిన కాయల ఘాటు చలిగాలితో కలిసి గొంతులో గుచ్చుతోంది.

"నేనూ వచ్చేదాన్నే అక్కా," అంది కరీమున్. "నేనూ మానేస్తే నా ఇంట్లో..." మాట పూర్తి చెయ్యలేదు. ఆమె చెయ్యి వదలనూ లేదు.

"నువ్వు పోవే. ఆయన అప్పుడే గట్టు మీదుంటాడు."

"ఎర్రబస్సే గదా. ఎర్రగా కనపడగానే చెయ్యెత్తు."

"ఎరుపేందో తెలిస్తే నీ గంపలోంచి నేనే పచ్చికాయలేరేదాన్ని."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే కరీమున్ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కాయల లారీలు కూడా ఈ పొద్దప్పుడే పోతయ్యి. చూసుకో... జాగర్తే అక్కా." ఆమె అడుగుల చప్పుడు చేలోకి దిగి, మంచులో కలిసిపోయింది.

హనుమాయమ్మ రోడ్డు వారన ఒక్కతే నిలబడింది. కాసేపటికి దూరంగా, నేల అదిరినట్టు ఒక రొద మొదలైంది. రొద వెనక వెలుగు. రెండు దీపాలో, ఒకటో. మిగిలిన ఆ ఒక్క కంట్లో అవి చెదిరి, ముళ్లుముళ్లుగా విచ్చుకుని, మంచునంతా నింపేశాయి. అది బస్సు కావచ్చు. గుంటూరు యార్డుకు పోయే మిరపకాయల లారీ కావచ్చు. దగ్గరికొస్తే తప్ప తెలియదు. దగ్గరికొచ్చాక చెయ్యెత్తితే బస్సాగదు.

ఆమె చెయ్యెత్తింది. వెలుగు పెద్దదవుతూనే ఉంది. చెయ్యి దించలేదు.