తాళం మార్చని సెట్టు

కీడెంచి మేలెంచమంటారు పెద్దలు. నజ్మియా కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషి. చిన్నప్పుడు కొడుకు సనద్‌కి జలుబు చేస్తే ఊపిరితిత్తులే పోయాయనుకునేది. బడి నుంచి కాస్త ఆలస్యంగా వస్తే ఏ లారీ కిందో పడ్డాడనుకునేది. ఆ కొడుకు ఇప్పుడు ఊరి బయట దఫ్నియా ఆలివ్ తోటల్లో తుపాకీ పట్టుకుని ఉన్నాడు. ఇక ఆవిడ సంగతి చెప్పేదేముంది!

ప్రభుత్వ సైన్యం చుట్టుముట్టిన మిస్రాతా ఊళ్ళో ఆడవాళ్ళు ఆడపిల్లల బడి ఆవరణలో పొయ్యిలు పెట్టి, పోరాడుతున్న కుర్రాళ్ళకి వండి పంపేవారు. ఏ తోటకి ఎంతమందికి పంపాలో చెప్పడానికి వంటశాలకీ ఒక చేతి రేడియో ఇచ్చారు. మొదట్లో అవి మామూలు సెట్లు. ఒకసారి ఆలివ్ గానుగ దగ్గరికి భోజనాలు పంపమని సెట్టులో చెప్పారు. భోజనాల కంటే ముందు అక్కడ గుండ్లు పడ్డాయి. అవతలి వాళ్ళు వింటున్నారని అప్పుడు తెలిసింది. ఆ తర్వాతే పడవ మీద కొత్త సెట్లు వచ్చాయి.

భోజనాల బండి నడిపే వహీబ్, నజ్మియా చెల్లెలి కొడుకు, అందులో ఒకటి తెచ్చి వంటశాలకిచ్చాడు.

"దీంట్లో మాటకి తాళం పడుతుంది పెద్దమ్మా. మన సెట్లన్నిటికీ ఒకటే తాళం. అది ఉన్న సెట్టుకే మాట తెలుస్తుంది. లేనివాడికి నూనెలో ఉల్లిపాయ వేగినట్టు చరచర, అంతే."

"అయితే ఇంక హాజా మబ్రూక తిట్లు శత్రువుకి వినబడవన్నమాట," అంది ఒకావిడ.

"వినబడితేనే నయం. దండం పెట్టి ఎప్పుడో పారిపోయేవాళ్ళు," అన్నాడు వహీబ్. వంటశాలకి పెద్దదిక్కు అయిన హాజా మబ్రూక గరిటె ఎత్తింది. వాడు బండి వెనక దాక్కున్నాడు.

తోటల్లోంచి భోజనాల లెక్క చెప్పే పని సనద్‌ది. "వంటశాలా, వంటశాలా" అన్న ఆ గొంతు చెవిన పడితేనే నజ్మియాకి ఆ పూట ముద్ద దిగేది. ఒకరోజు ఆ గొంతు రాలేదు. ఆవిడ సెట్టు చెవికి ఆనించుకునే పడుకుంది.

తెల్లారాక వహీబ్ వచ్చాడు. నజ్మియా చేతులకి అంటుకున్న బార్లీ పిండితోనే లేచి నిలబడింది.

"చెప్పేయ్. పోయాడా?"

"ఛ, అవేం మాటలు! తెలీదు పెద్దమ్మా. నిన్న గుండ్లు మరీ ఎక్కువై మనవాళ్ళు వెనక్కి తగ్గారు. తీరా చూసుకుంటే సనద్ లేడు. వాడి సెట్టూ లేదు." వహీబ్ సెట్టు కోసం చెయ్యి చాచాడు. "ఆ సెట్టు వాళ్ళకి దొరికిందనుకో, మనం అనుకునేదంతా వాళ్ళ చెవిలో అనుకున్నట్టే. అందుకని అన్ని సెట్లకీ తాళం మార్చేశాం. ఇదొక్కటే మిగిలింది. ఇలా ఇవ్వు."

"మార్చాక వాడు పిలిస్తే?"

వహీబ్ నేల చూపులు చూశాడు. "వినబడదు."

"ఎవరికీ?"

"ఎవరికీ."

నజ్మియా సెట్టుని చున్నీలో చుట్టి గుండెకి అదుముకుంది.

"ఇచ్చెయ్యవే," అంది హాజా మబ్రూక. "నీ ఒక్కదాని కొడుకేనా అక్కడున్నది? నా మనవలు లేరూ?"

"పాత తాళంతో ఇప్పుడెవరూ మాట్లాడరు కదా హాజా. వినడానికి అవతలి వాళ్ళకి ఏముంటుంది? నేను నోరు విప్పను. చెవి పెట్టి కూర్చుంటాను, అంతే. మీ మనవడైతే మీరిస్తారా?"

ముసలావిడ గరిటె పక్కన పెట్టింది. "బండి కదిలేదాకా ఉంచుకో. తర్వాత ఇవ్వలేదో, జుట్టు పట్టుకుని లాక్కుంటా."

ఆ పూట భోజనాలు వెళ్ళాల్సింది ఉప్పుమళ్ళ వెనకున్న కోళ్ళ ఫారానికి. మనవాళ్ళు వెనక్కి తగ్గి దిగింది అక్కడే. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని వహీబ్ హాజా చెవిలో చెప్పాడు. హాజా కూడా ఎవరికీ చెప్పవద్దంటూనే అందరికీ చెప్పింది.

గిన్నెలు బండెక్కుతుండగా నజ్మియా ఒడిలో సెట్టు గరగరమంది.

"వంటశాలా... వంటశాలా..."

నోరు విప్పనన్న మాట ఆవిడకి గుర్తే లేదు. "సనద్! నాయనా! ఎక్కడున్నావురా?"

"అమ్మా, నువ్వేనా! తోటలో నీళ్ళ కాలవలో పడుకున్నా. కాలికి దెబ్బ తగిలి స్పృహ తప్పింది, ఇప్పుడే తెలివొచ్చింది. మనవాళ్ళని ఎంత పిలిచినా ఒక్కడూ పలకడేం? మనవాళ్ళు ఎటు పోయారు? నేను తెలీక ఎటో పోతే మనవాళ్ళే కాల్చేస్తారు. ఇవాళ బండి ఎక్కడికెళ్తోంది? అదొక్కటి చెప్పు, పాక్కుంటూ అయినా వస్తా."

కోళ్ళ ఫారం అన్న మాట ఆవిడ నాలిక చివరిదాకా వచ్చింది. ఎదురుగా వహీబ్ పాలిపోయిన ముఖంతో వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు. అప్పుడు పుట్టింది ఆవిడకి భయం. అడుగుతున్నది వీడేనా? వీడి మెడ మీద తుపాకీ పెట్టి ఎవరైనా అడిగిస్తున్నారా?

"నీ పక్కనెవరున్నారు?"

"ఎవరుంటారు? చీమలున్నాయి."

"మొన్న నీకేం పంపాను?"

"మక్రోనా. ఉప్పెక్కువైంది. ఇప్పుడా అమ్మా అది? ఛార్జింగ్ అయిపోతోంది!"

సరైన జవాబే. కానీ సరైన జవాబు వల్ల ఒరిగేదేముంది? మెడ మీద తుపాకీ ఉన్నా కొడుకు కొడుకే, మక్రోనా మక్రోనానే. చెప్తే అక్కడున్న కుర్రాళ్ళందరి తల్లులకీ కడుపుకోత. చెప్పకపోతే కాలవలో తన బిడ్డ రక్తం కారిపోయి పోతాడు.

"చెప్పవేంటమ్మా?"

"సముద్రం ఒడ్డున చేపల వాళ్ళ షెడ్డుంది చూడు, మీ నాన్న వల ఆరేసే చోటు. ఒడ్డు పట్టుకుని అక్కడికి రా."

"అక్కడ మనవాళ్ళెవరూ ఉండరు కదా?"

"నేనుంటా."

సెట్టులో చాలాసేపు చరచర. తర్వాత, "సరే," అన్నాడు.

నజ్మియా సెట్టుని హాజా మబ్రూక చేతిలో పెట్టింది. "మార్చేసుకోండి తాళం."

బండి ఇంకొకరికి అప్పగించి, వహీబ్ తన పాత కారు తీశాడు. దారంతా సణుగుతూనే ఉన్నాడు. "ఈ సంగతి తెలిస్తే మావాళ్ళు నన్ను గోడకి నిలబెడతారు. అక్కడ వాళ్ళు కాచుకుని ఉంటే? నిన్ను పట్టుకుని అడిగితే చెప్పవూ?"

"నన్నేం చేసినా చెప్పను. వాణ్ణి నా కళ్ళముందు పెట్టి ఏమైనా చేస్తే చెప్పేస్తాను." వహీబ్ ఆవిడ వైపు తిరిగి చూశాడు. "అందుకే నువ్వు దూరంగా ఆగు. వాడు కాక ఇంకెవరు కనబడ్డా కారు తిప్పుకుని పోయి, ఫారం ఖాళీ చెయ్యమని చెప్పు. మా కోసం ఆగకు."

షెడ్డు దగ్గర మనిషి జాడ లేదు. చేపల వాసన కూడా పాతబడిపోయింది. నజ్మియా గోడకి ఆనుకుని, కొడుక్కని తెచ్చిన భోజనం గిన్నె ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ప్రతి అల చప్పుడూ బూటు చప్పుడులాగే వినబడింది. దేవుడి పేరు తలుచుకుంటూ ఉంటే మధ్యలో పేరే మర్చిపోయేది.

పొద్దు వాలుతుండగా ఇసుక మీద ఒక మనిషి కనిపించాడు. తుపాకీని చేతికర్రలా ఊనుకుంటూ, ఒక కాలు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. సనదే. ఆవిడ లేచి పరుగెత్తింది, పరుగెత్తుతూ వాడి ముఖం కంటే ముందు వాడి వెనక చూసింది. దిబ్బల వైపు, తోటల వైపు.

వాడది చూడనే చూశాడు.

"వెనకెవరూ లేరమ్మా."

ఆవిడ వాడి కాలు పట్టుకుని చూసింది. మోకాలి కింద గుడ్డ తడిసి గట్టిపడింది. నీళ్ళు తాగించింది. ముద్ద కలిపి నోటికందిస్తే తిన్నాడు, కళ్ళు మాత్రం ఆవిడ మీదికి రాలేదు.

"బండి ఎక్కడికెళ్ళిందో వంటశాలలో అందరికీ తెలుసుగా?"

"తెలుసు."

"నాకు తప్ప."

"నీ చేత అడిగిస్తున్నారేమోనని..."

"అడిగిస్తే అడుగుతాననుకున్నావా? ప్రాణం పోయినా అడగను. ఆమాత్రం తెలీదా నీకు?"

ఆవిడ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "ప్రాణం పోవద్దనే కదరా నాయనా నా ఏడుపు. నువ్వు అడిగినా తప్పనుకోలేదు. అందుకే నేనొక్కదాన్నే వచ్చా."

వహీబ్ పరుగున వచ్చి, "బతికున్నావా గాడిదా!" అని కావలించుకుంటే, సనద్ వాడి భుజం మీద చెయ్యేసి లేచాడు. నజ్మియా అందించిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

ఇద్దరూ ముందు నడుస్తున్నారు. ఆవిడ గిన్నె, తుపాకీ, వాడి సెట్టు మోసుకుంటూ వెనక నడిచింది. ఆ సెట్టు మాట ఇప్పుడు ఎవరికీ వినబడదు. కొడుకు ఇంటికొస్తున్నాడు, ఇంతకంటే ఏం కావాలని మనసుకి నచ్చజెప్పుకుంది. అయినా కారు దగ్గరికి చేరేలోగా ఆవిడ మళ్ళీ ఒకసారి వెనక్కి తిరిగి తోటల వైపు చూసింది. తల తిప్పేసరికి సనద్ ఆగి ఆవిడనే చూస్తున్నాడు.