చెల్లెలి మాత్రలు

చెల్లెలికి చిన్నప్పటి నుంచీ మాత్ర మింగాలంటే భయం. గొంతులో అడ్డం పడుతుందంటుంది. అందుకే అక్క రెండు చెంచాల మధ్య మాత్ర నలిపి, తేనెలో రంగరించి నోట్లో పెట్టేది. ఇద్దరికీ జుట్టు నెరిసినా ఆ అలవాటు పోలేదు. చెల్లెలికి మోకీలు మార్పిడి అయినప్పుడు, "నా దగ్గరే ఉండవే, ఆ నరకం చూసొచ్చినదాన్ని" అని అక్క తన ఇంటికి తెచ్చుకుంది. ఆ పిలుపులో ప్రేమ ఎంతో, చెల్లెలికి రాసిచ్చిన నొప్పి మాత్రల మీద ఆశ ఎంతో అక్కకే తెలియదు.

అదే ఆపరేషనైన అక్క మోకాలు బాగుపడి చాలా నెలలైంది. కుట్టుమిషను మళ్లీ తొక్కుతోంది కూడా. బాగుపడనిది మాత్రల మీది యావ. మొదట నొప్పికి వేసుకుంది, తరవాత నిద్రకి, ఆ పైన ఏ కారణమూ అక్కర్లేకపోయింది. మానితే ఒళ్లంతా చెమటలు, సూదిలో దారం ఎక్కించలేనంత వణుకు. ఇక రాయనని డాక్టరు తేల్చేశాడు. ఇప్పుడు వంటింట్లో చెల్లెలి మాత్ర అక్క నోట్లోకి, అక్క కాల్షియం బిళ్ల చెల్లెలి తేనెలోకి పోతున్నాయి.

కాలు వంచడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయికి చెల్లెలు పోలీసమ్మ అని పేరు పెట్టింది. ఆ రోజు పోలీసమ్మ మడమ పట్టుకుని వెనక్కి తోయగానే చెల్లెలు దుప్పటి కొరికింది.

"ఇలా బిగదీసుకుంటే ఎలాగండీ? కీలు పట్టేస్తే మళ్లీ మత్తిచ్చి వంచాలి. బస్సెక్కి టిక్కెట్లు కొట్టాలా వద్దా?"

"మెట్లెక్కలేని కండక్టర్ని ఎవరు ఉంచుకుంటారమ్మా," అంది చెల్లెలు ఏడుస్తూనే. "మా అక్కది గట్టి ప్రాణం. నాది పిరికి ప్రాణం."

తలుపు దగ్గర నిలబడ్డ అక్క తల దించుకుంది.

"ఇందాక మాత్ర వేసుకున్నారా?"

"వేసుకోకేం. ఆస్పత్రిలో నర్సు నలిపిచ్చినప్పుడు చేదుకి నాలుక కొంకర్లు పోయేది. మా అక్క చేతి మందులో చేదే ఉండదు. సుద్దపొడి తిన్నట్టుంటుంది, అంతే."

అమ్మాయి చేతులు ఆగాయి. "తేనెకి పోయే చేదు కాదండీ అది." అక్క వైపు తిరిగింది. "ఏ మాత్ర ఇస్తున్నారు? ఒకసారి తెస్తారా?"

అక్క కదల్లేదు. చెల్లెలు ఆమె ముఖంలోకి చూసింది. మగతగా వాలిన రెప్పలు, సూదిమొనంతైన కంటిపాపలు. టిక్కెట్టు లేనివాళ్లను మొహం చూసి పట్టుకోవడంలో పండిపోయిన మనిషి ఆమె.

"నేనే వద్దన్నాను," అంది. "అలవాటు పడతానని భయమేసి. ఇక నుంచి వేసుకుంటాలే. నువ్వు కానివ్వు."

పోలీసమ్మ నమ్మిందో లేదో గానీ, ఆ తరవాత కాలు మెల్లగా పట్టుకుంది.

ఆమె వెళ్లగానే అక్క తలుపు గడియ వేసి వచ్చింది.

"నేను దుప్పటి కొరుకుతుంటే అక్కడ నిలబడి చూశావు," అంది చెల్లెలు.

"చూశాను."

"అడిగుంటే సగం ఇచ్చేదాన్ని కదా అక్కా."

తిట్టి ఉంటే అక్క ఓర్చుకునేది.

చెల్లెలు మాత్రల పెట్టె తెప్పించుకుంది. "రేపు ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళదాం. నువ్వే నోరు విప్పి చెప్పాలి. నీకోసం ఇంకోసారి అబద్ధమాడలేను."

"అలాగే," అంది అక్క. మనస్ఫూర్తిగానే అంది. అంటూనే, చెల్లెలు ఆ పెట్టెను దిండు కింద ఏ పక్కకు దోపుతోందో చూసింది.

అక్క చూడడాన్ని చెల్లెలూ చూసింది.