రెండు తాళాలున్న గది

వీధి చివర, జనం పుస్తకాలు చదువుకునే గదికి రెండు తాళాలు వేలాడుతుండేవి. ఒకటి పెద్దన్నది, ఒకటి చిన్నన్నది. గది కట్టించిన తండ్రి పోయాక అది అన్నదమ్ములిద్దరిదీ అయింది. ఇద్దరూ ఒకే మిల్లులో పనిచేశారు కానీ కార్మిక సంఘాలు వేరు. మిల్లు మూతపడ్డ రోజున "మీవల్లే" అని ఒకరంటే "మీవల్లే" అని ఇంకొకరన్నారు. అంతే, మాటలు బంద్. పంతానికి గదికి చెరో తాళం బిగించారు.

మధ్యలో ఇబ్బంది ఇస్త్రీ అక్కకు. ఆమెకు చదువు పిచ్చి. బట్టలు చుట్టడానికి కొనే పాత పేపర్లలో 'ఈ వారాంతం చదవండి' అని ఒక పేజీ దొరికేది. చరిత్ర, రాజకీయం, పాత పాటల ముచ్చట్లు, జనం బతుకుల మీద ఎవరో ఊరూరా తిరిగి రాసిన సంగతులు, ఏ పుస్తకాల్లో ఏముందో అంతా ఉండేది. ఆ పుస్తకాల్లో సగం ఆ గదిలోనే ఉన్నాయి. ఇంట్లో చదువుకుందామంటే ఉన్నది ఒకటే గది, అందులో అత్తగారు, మొగుడు, ముగ్గురు పిల్లలు.

"ఆ తలుపు తెరిపిస్తాను" అంది ఒకరోజు మొగుడితో.

"కొండను తవ్వి ఎలుకను పడతావా?"

"నాకు కావాల్సింది ఎలుకే. తవ్వుతా."

అన్నదమ్ములిద్దరినీ విడివిడిగా బతిమాలింది. "ముందు వాణ్ణి తీయమను" అన్నాడు పెద్దన్న. "ముందు ఆయన్ని తీయమను" అన్నాడు చిన్నన్న.

ఒక శనివారం ఆ పేజీలో మిల్లు మూతపడ్డ కథే వచ్చింది. మొదటి సగంలో పెద్దన్న సంఘాన్ని ఉతికి ఆరేశారు. 'మిగతా ఏడో పేజీలో' అని ఉంది. ఆ వేరే కాగితం తీసి చూస్తే అక్కడ చిన్నన్న సంఘాన్ని పిండి వదిలారు. అక్క కాసేపు ఆలోచించింది. పెద్దన్న చొక్కాలు మొదటి సగంలో చుట్టింది, చిన్నన్నవి రెండో సగంలో.

సాయంత్రానికల్లా పెద్దన్న నలిగిన కాగితం పట్టుకుని వచ్చేశాడు.

"ఏమ్మా, మమ్మల్ని ఇంతలా కడిగేశారు, వాళ్లను వదిలేశారా? మిగతా సగమేదీ?"

"చిన్నన్న చొక్కాలతో వెళ్లిపోయింది పెద్దన్నా."

మాట పూర్తికాకముందే చిన్నన్న వచ్చాడు, తన సగం పట్టుకుని. అన్నను చూసి అక్కవైపు తిరిగాడు.

"ఆయన దగ్గరున్నది ఇమ్మని చెప్పమ్మా. చదివి ఇచ్చేస్తా."

"ముందు వాణ్ణి ఇమ్మనమ్మా."

"నా నోరు ఇస్త్రీపెట్టె కాదు అటూ ఇటూ తోయడానికి" అంది అక్క. "ఇద్దరూ ఒకచోట కూర్చుని చదువుకోండి."

"ఎక్కడ కూర్చుంటాం?"

"నా బల్ల నిండా బట్టలు. మా ఇంట్లో మా అత్తగారు." అక్క గదివైపు చూసింది.

"వాడు తీస్తే తీస్తా."

"ఆయన తీస్తే తీస్తా."

"అయితే వచ్చేవారం కూడా సగం సగమే. ఆటల పేజీతో సహా."

ఇద్దరూ విసవిసా వెళ్లిపోయారు. మొగుడు కంగారుపడ్డాడు. "ఉన్న రెండు గిరాకీలూ పోతాయే!"

"పోనీ. నలిగిన చొక్కాలతో ఎన్నాళ్లు తిరుగుతారో చూస్తా."

ఆదివారం పొద్దున గది ముందు ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఎవరి తాళంచెవి వాళ్ల చేతిలో, ఎవరి చూపు వాళ్లది. అక్క మిషన్ నూనె సీసా పట్టుకుని వెళ్లింది. రెండు తాళాలకూ చెరో నాలుగు చుక్కలు పోసింది.

"నేను మూడు అనగానే ఇద్దరూ తిప్పాలి. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు."

తిప్పారు. తలుపు కీచుమంది. దుమ్ము లేచి ముగ్గురూ తుమ్మారు. రెండు సగాలూ బల్లమీద పక్కపక్కన పరిచారు. పెద్దన్న పైకి చదివాడు, చిన్నన్న మధ్యమధ్య అడ్డం తగిలాడు. కాసేపటికి వీధి వీధంతా వినబడేలా కొట్లాట.

"గేటు దగ్గర రాళ్లు వేసింది మీవాళ్లు కాదా?"

"రాళ్లు ఏరి ఇచ్చిందెవరు, అన్నా?"

ఇన్నాళ్లకు చిన్నన్న 'అన్నా' అని పిలిచాడు. పెద్దన్న ఆ మాట విని మళ్లీ అరిచాడు, కాకపోతే కాస్త నెమ్మదిగా.

అక్క ఇదేమీ పట్టించుకోలేదు. పుస్తకం వెతుక్కుని, దుమ్ము దులిపి, కిటికీ పక్కన కూర్చుంది.

చీకటి పడుతుంటే పెద్దన్న లేచి తలుపు దగ్గర వెతికాడు. "తాళాలు కనబడవేమ్మా?"

అక్క పేజీ తిప్పింది.

"నా బొగ్గుల బస్తాలో పడ్డట్టున్నాయి పెద్దన్నా. బస్తా అయిపోయాక వెతుకుదాం."